మూడో పాదం దగ్గర తబలా

నాటకం ఉన్న రోజు ఆ ఇంట్లో మొదటి స్నానం హార్మోనియానిది. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి మెట్లన్నీ తుడిచి, కింద పెడల్స్ కీచుమనకుండా ఇంత కొబ్బరినూనె వేసి, అప్పుడు గానీ జానకి తన తల సంగతి చూసుకోదు. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, రెండో అంతస్తులో వాళ్ల పోర్షన్. వరండాలో ఆమె భర్త ప్రసన్నకుమార్ తబలా ముందేసుకుని చిన్న సుత్తితో అంచులు తడుతూ శ్రుతి చేస్తుంటే, కింద ఫోన్ కవర్లు అమ్మే ఆయన మెడ పైకెత్తి, "ఇయ్యాల నాటకం ఉందా సార్?" అని అడుగుతాడు. ఒక్క నాటకమైనా చూసిన పాపాన పోలేదు ఆయన. అయినా అడగడం మానడు.

మొగుడూ పెళ్లాలిద్దరూ చంద్రికా నాట్యమండలి వాద్యగాళ్లు. మామూలు రోజుల్లో ఆమె కోఠీలో పిల్లలకు కీబోర్డు నేర్పుతుంది, ఆయన చాదర్‌ఘాట్‌లో ఒక మందుల ఏజెన్సీలో స్టాకు చూస్తాడు. నాటకం ఉన్న రోజునే ఇద్దరూ కాస్త మనుషుల్లా కనిపిస్తారు.

ఆ రోజు పొద్దున ఆయన సుత్తి పక్కన పెట్టి ఎడమ భుజం నొక్కుకున్నాడు.

"మళ్లీ పట్టిందా?" అంది జానకి.

"రాత్రి నుంచీ. రిహార్సల్స్‌లో డగ్గా ఎక్కువ వాయించాను కదా."

తబలా వాయించేవాళ్ల ఇళ్లలో ఎడమ భుజం నొప్పిని ఎవరూ రోగం కింద లెక్కపెట్టరు. ఎడమచేతి డోలు, ఆ డగ్గా మీద మణికట్టు ఆనించి నొక్కీ నొక్కీ అది రావాల్సిందే, రాకపోతే ఆ మనిషి సరిగ్గా సాధన చెయ్యలేదని అనుమానించాల్సిందే. జానకి మామగారికీ ఉండేది, ఆయన గురువుగారికీ ఉండేదట. అందుకని జానకి రోజూలాగే బామ్ తీసి భుజానికి గట్టిగా రాసింది. నుదుటి మీద చెమట పడితే, ఫాను తిరగడం లేదనుకుంది. ఆ రెండు అరచేతులూ తర్వాత ఆమెను ఎంత ఏడిపించాయో ఆమెకే తెలుసు.

సామాను ట్రాలీ ఆటోలో ఎక్కించి, నాంపల్లి స్టేషన్ ముందు నుంచి, పబ్లిక్ గార్డెన్స్ పక్కనున్న హాలుకు చేరేసరికి మధ్యాహ్నమైంది. మేకప్ గదిలో జనార్దన్ అప్పటికే రంగులు కలుపుతున్నాడు. బట్టలూ తెరలూ చూసే జయమ్మ నోట్లో పిన్నీసులు పెట్టుకుని రాజుగారి ఉత్తరీయానికి జరీ అంచు కుడుతోంది. రాజుగారంటే అమరేశ్వరరావుగారు. మండలి ఆయనదే, ముఖ్యపాత్ర ఆయనదే, కోపతాపాలు కూడా సింహభాగం ఆయనవే. జానకి తండ్రికి ప్రాణస్నేహితుడు కాబట్టి ఆమెకు బాబాయి.

"అమ్మాయ్, శ్రుతి అరమెట్టు దించు," అన్నారాయన ఎవరికీ వినపడకుండా. "గొంతు పైకి పోవడం లేదు."

పద్యనాటకాలు చూసినవాళ్లకు వన్స్ మోర్ సంగతి చెప్పక్కర్లేదు. పద్యం నచ్చితే జనం అరుస్తారు, నటుడు మళ్లీ పాడతాడు. కత్తిపోటుకు చచ్చిపడున్న రాజైనా సరే, లేచి కిరీటం సర్దుకుని, పాడి, తిరిగి చచ్చిపోతాడు. ఎవరూ నవ్వరు. చంద్రికా నాట్యమండలిలో ఇంకొకటి కూడా జరిగేది. వన్స్ మోర్ పడగానే పద్యంతో పాటు స్టేజీ మీదా వెనకా ఉన్న సమస్తమూ ఆ పద్యం మొదలైన చోటికి వచ్చేసేది. తాగేసిన చాయ్ గ్లాసులో మళ్లీ నిండేది. కాల్చిన బీడీ పొడుగయ్యేది. చెమటకు కారిన రంగు తిరిగి మొహం మీదికెక్కేది. జరిగింది మాత్రం మండలి వాళ్లందరికీ గుర్తుండేది. హాలు బయట గడియారాలు వాటి దారిన అవి నడిచేవి కాబట్టి వీళ్ల చేతి గడియారాలు ఎప్పుడూ వెనకబడే ఉండేవి, లాస్టు బస్సు ఎప్పుడూ వెళ్లిపోయే ఉండేది.

దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. "ఒక్కటే చాయ్ రెండుసార్లు తాగితిని, షుగరు ఎట్ల లెక్కవెట్టాలె?" అని జయమ్మ సణుక్కునేది, అంతే. మండలిలో పాతకాపులంతా తమతో చదువుకున్నవాళ్లకంటే నాలుగేళ్లు చిన్నగా కనిపించేవారు. ఎంత మంచి గాయకుడైతే అంత నల్లటి జుట్టు.

దానికీ పద్ధతి ఉంది. అడిగేవాడికి నిజంగా మళ్లీ వినాలని ఉండాలి. అమరేశ్వరరావుగారు ఒకసారి బావమరిదిని ముందు వరసలో కూర్చోబెట్టి అరిపించారు. గొంతు చించుకున్నాడు గానీ, ఖాళీ గ్లాసులు ఖాళీగానే ఉన్నాయి. మళ్లీ మొదలెట్టిన పద్యం మధ్యలో ఆగిందా, వెనక్కొచ్చిందంతా అక్కడికక్కడే చెల్లిపోతుంది. ఇక మొదటిసారి జరిగిన చెడు రెండోసారీ జరిగి తీరుతుంది, అదే అక్షరం దగ్గర. కాకపోతే ఎక్కడ జరగాలో మన చేతిలో ఉంటుంది. ఓసారి నాలుగో పాదం దగ్గర పెద్ద లైటు పేలి నటి చెంప కోసుకుపోయింది. వన్స్ మోర్ పడగానే జనార్దన్ ఆ బల్బు ఊడదీసి, పరుగున తీసుకెళ్లి గేటు బయట మట్టిలో పెట్టాడు. నాలుగో పాదం వచ్చినప్పుడు అది అక్కడ, ఎవరికీ తగలకుండా పేలింది.

ఇదంతా జనం వచ్చే రోజుల మాట. ఇప్పుడు హాల్లో సగం కుర్చీలు ఖాళీ, ఉన్నవాళ్లలో సగం మంది ఫోన్లలో ఉంటారు. కరోనా తర్వాత మండలికి ఒక్క వన్స్ మోర్ పడలేదు. ఆగి ఉన్న వయసంతా అందరి మీదా ఒకేసారి పడింది. ప్రసన్నకుమార్ జుట్టు ముగ్గుబుట్టయింది, అమరేశ్వరరావుగారికి పై షడ్జం అందడం మానేసింది. ఆ రోజు ఆడుతున్నది పద్యనాటక పోటీల్లో. గెలిస్తే ఊరూరా ఆడేందుకు పిలుపొస్తుంది, లేకపోతే మండలి మూసేద్దామని ఆయన ముందే చెప్పేశారు. ఆ మాట విన్న రాత్రి జానకి అన్నం ముందు కూర్చుని తినకుండా లేచింది.

తెర లేవడానికి ముందు నిర్వాహకుడు మైకు అందుకున్నాడు. "ప్రేక్షకులకు మనవి. సమయపాలన దృష్ట్యా పోటీల్లో వన్స్ మోర్‌లు అనుమతించబడవు. పద్యం మళ్లీ పాడిన నాటక సమాజాన్ని పోటీ నుంచి తప్పిస్తాము."

"అడిగెటోళ్లెవరున్నరని?" అన్నాడు జనార్దన్, బ్రష్షు కడుగుతూ.

నాటకం పేరు కమలసేన రాజ్యత్యాగం. అమరేశ్వరరావుగారే రాసుకున్నది. మూడో రంగంలో ఓడిపోయిన రాజు కోట గుమ్మంలో నిలబడి తన పట్టణానికి ఆఖరి దండం పెడతాడు. మండలి మొత్తం బతుకుతెరువు ఆ పద్యం మీదే ఉంది. ఎడమ వైపు వింగులో చిన్న అడ్డుతెర వెనక జానకి, ఆమెకు చేయి చాపితే అందేంత దూరంలో ప్రసన్నకుమార్. పాడేవాళ్లకు వీళ్లు కనిపిస్తారు, చూసేవాళ్లకు కనిపించరు. పద్యానికి తాళం కట్టుండదు. పాదం చివర గాయకుడు రాగం తీసి విరిచేచోట మాత్రం తబలా పడాలి. అక్కడ పడకపోతే పద్యం మెట్టు తప్పి పడ్డట్టుంటుంది.

మొదటి పాదం చివర తబలా పడింది. రెండో పాదం చివర కూడా పడింది గానీ, ఆయన ఎప్పుడూ వేసే గమకం లేకుండా, మొక్కుబడిగా పడింది. మూడో పాదంలో అమరేశ్వరరావుగారు రాగం ఎత్తి, ఎత్తి, విరిచారు.

తబలా పడలేదు.

జానకి పక్కకు చూసింది. ప్రసన్నకుమార్ తబలా మీదికి ఒరిగి ఉన్నాడు, నుదురు చర్మానికి ఆనించి, పాట వింటున్నవాడిలా. చాయ్ గ్లాసు దొర్లి చాప తడుస్తోంది. జనార్దన్ దూకి ఆయన్ని వెనక్కి తీసి, ముక్కు దగ్గర చెయ్యి పెట్టి, ఛాతీ మీద చెవి పెట్టి, తల ఎత్తాడు. ఆ మొహం చూశాక జానకికి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

ఎవరైనా ఏం చేస్తారు? కేక పెట్టి, వాయిస్తున్నది వదిలేసి భర్త మీద పడతారు. జానకి వేళ్లు మెట్ల మీద నుంచి లేవలేదు. పద్యం విరిగితే ఎవరూ మళ్లీ అడగరు. అడగకపోతే ఆయన ఇక లేడు. ఈ రెండు ముక్కలూ తప్ప ఆమె బుర్రలో ఏమీ మిగల్లేదు. మొగుడు పక్కన చచ్చి పడుంటే హార్మోనియం వాయించిన ఆడది అని లోకం అనుకుంటే అనుకోనీ. కళ్ల నుంచి నీళ్లు కారి మెట్ల మీద పడుతుంటే, జారకుండా వేళ్లు గట్టిగా ఆనించి స్వరం అందించింది.

అమరేశ్వరరావుగారు పక్కకు చూశారు. అంతా కనిపించింది. ఆయనకు డెబ్బై దాటాయి, గొంతులో సగం గాలే. ఆ గాలితోనే నాలుగో పాదం ఎత్తుకున్నారు. పొద్దున దించమన్న శ్రుతిని మరిచిపోయి, ఎప్పుడో పోయిందనుకున్న పై షడ్జం మీదికి వెళ్లారు. అందలేదు. గొంతు చీలింది. చీలిన చోటే నిలబడి పాడారు. రాజు పట్టణాన్ని అడుగుతున్నాడు, నన్ను పొమ్మను, నువ్వు పొమ్మంటే గానీ కాలు కదలడం లేదని. పద్యం అయిపోయింది.

నాలుగు చప్పట్లు. న్యాయనిర్ణేతల బల్ల దగ్గర కాగితం తిప్పిన చప్పుడు. ఎవరో దగ్గారు.

తర్వాతి మాట రాజుదే. అమరేశ్వరరావుగారు ఆ మాట అనలేదు. అంటే పద్యం గడిచిపోయినట్టే. దండం పెట్టిన చేతులు అలాగే పెట్టుకుని హాలులోకి చూస్తూ నిలబడ్డారు. జానకి గుండెలో కేకలు వేస్తోంది, అడగండి, ఎవరైనా ఒక్కరు అడగండి, మీ కాళ్లు పట్టుకుంటాను. పైకి అని లాభం లేదు, మండలి వాళ్ల నోట పడిన వన్స్ మోర్ చెల్లదు. నిర్వాహకుడు ముందు వరసలో నుంచి "కానివ్వండి" అన్నట్టు చెయ్యి ఊపాడు. జయమ్మ తెర తాడు పట్టుకుని కళ్లు మూసుకుంది.

అప్పుడు వెనక తలుపు దగ్గర నుంచి ఒక మగగొంతు వినిపించింది. గట్టిగా కూడా లేదు.

"పెద్దాయనా, గది ఇంకొక్కపారి పాడవా? మా ఊరు యాదికొచ్చింది."

వన్స్ మోర్ అనే మాట కూడా తెలియని మనిషి. ఆలస్యంగా వచ్చినట్టున్నాడు, మైకులో చెప్పింది విన్నవాడు కాదు.

చాప మీద చాయ్ గ్లాసులోకి పోయింది. ప్రసన్నకుమార్ ఒక్క ఉదుటున ఊపిరి పీల్చుకుని, తబలా ముందు నిటారుగా కూర్చుని ఉన్నాడు. నుదుటి మీద చెమట, ఎడమ చెయ్యి భుజం మీద. కళ్లలో మాత్రం తాను ఎక్కడికి వెళ్లొచ్చాడో తెలిసిన బెదురు.

"జానకీ..." అన్నాడు.

"మాట్లాడకండి. లేవండి. వెళ్లండి." ఆమె వేళ్లు అప్పటికే మొదటి పాదానికి శ్రుతి పట్టాయి.

"పద్యం మధ్యలో తబలా వదిలి ఎలా లేస్తానే?"

ఆయన సంగతి తెలిసిన జనార్దన్ బతిమాలుతూ కూర్చోలేదు. "ప్రసన్నన్నా, మర్యాద మల్ల జూస్కుందాం," అంటూ రంగు చేతులతోనే ఆయన్ని ఎత్తి భుజాన వేసుకున్నాడు. వెనక మెట్ల మీద అడుగుల చప్పుడు, ఆటో స్టార్టయిన చప్పుడు. ఆ తర్వాత జానకికి జయమ్మ చెవి దగ్గరున్న ఫోనే దిక్కయింది.

బల్ల దగ్గర గంట మోగింది. "అమరేశ్వరరావుగారూ, నిబంధన తెలుసు కదా!" అన్నాడు నిర్వాహకుడు. ఆయనకు తెలుసు. పోటీ పోయింది, మండలి పోయింది. ఆయన మొదటి పాదం పాడారు. రెండో పాదం పాడారు. మూడో పాదంలో అడుగు పెట్టకుండా రెండో పాదంలోనే ఆఖరి మాట దగ్గర కూర్చున్నారు.

పద్యం పాడేవాళ్లకు అదొక్క వెసులుబాటు ఉంది. ఒక మాటను పట్టుకుని రాగం తిప్పుతూ ఎంతసేపైనా ఉండొచ్చు, ఊపిరి ఉన్నంతసేపు. ఆయన ఊపిరి తీసుకునేటప్పుడు ఖాళీ తెలియకుండా జానకి నింపుతోంది, ఆమె స్వరం మెలిక తిప్పి ఇస్తే ఆయన అందుకుంటున్నారు. ఇద్దరూ కలిసి మూడో పాదాన్ని గుమ్మం బయటే నిలబెట్టారు.

"స్టేషన్ ముంగటున్నరట," అంది జయమ్మ గుసగుసగా. "ఏదో రైలొచ్చిందట. ఆటోలన్నీ అడ్డమున్నయట."

మైకు ఆగిపోయింది. ఎవరో తీగ లాగేశారు. ఆయన మైకు లేకుండానే పాడారు. వెనక వరసల్లో వాళ్లు వినపడక ముందుకు వంగారు.

"అన్న మాట్లాడుతుండట. ఔ, మాట్లాడుతుండు."

నిర్వాహకుడు చరచరా వింగులోకి వచ్చి తెర దించమన్నాడు. జయమ్మ తాడును చేతికి చుట్టుకుని, "నన్ను గుంజి పడేసి దించు సారూ," అంది, ఫోను చెవి మీద నుంచి తియ్యకుండా. ఆయన జానకి మొహం చూశాడు. ఏం అర్థమైందో, వెనక్కి తగ్గి గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

అమరేశ్వరరావుగారి మెడనరాలు ఉబ్బాయి. ఆయన జానకి వైపు చూశారు. ఇక నా వల్ల కాదు తల్లీ అన్న చూపు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇంకొక్కటి బాబాయ్, ఇంకొక్క తిప్పు. ఆయన ఇంకొకటి తిప్పారు. ఇంత పాపం ఆమె ఎన్నడూ మూటగట్టుకోలేదు.

"జీపీవో సిగ్నల్ దాటిన్రు." ఆ వెంటనే, "దవాఖాన గేటు."

ఆయన గొంతు జీరపోయి, ఉప్పు రాలినట్టు రాలుతోంది. ఇంకొక్క ఊపిరి దాటితే పద్యం దానంతటది ఆగుతుంది, ఆగితే అంతా చెల్లిపోతుంది.

"లోపటికి తీస్కపోయిన్రు!" అంది జయమ్మ. "బల్ల మీద పండబెట్టిన్రట. డాక్టర్లు చుట్టున్నరంట అక్కా!"

ఇప్పుడు మూడో పాదం రావాలి. అమరేశ్వరరావుగారు ఆమె స్వరం కోసం ఎదురుచూస్తున్నారు. ఆ స్వరం ఇస్తే ఆయన ఎత్తుకుంటారు, ఎత్తుకుంటే విరుస్తారు, విరిచేచోట అక్కడెక్కడో ఆ గుండె ఆగుతుంది. ఆగి తీరుతుంది. పొద్దున బామ్ రాసిన వేళ్లతోనే ఆమె ఆ మెట్టు నొక్కాలి. జానకికి ప్రాణం పోయినంత పనైంది. నొక్కింది.

రాగం లేచింది, విరిగింది. అక్కడ తబలా లేదు. ఆ ఖాళీ ఎంత పెద్దదో ఆమె తప్ప ఎవరూ విని ఉండరు. ఆమె స్వరం నిలబెట్టి జయమ్మ మొహమే చూస్తోంది. జయమ్మ పెదవులు బిగించి, ఫోను చెవికి నొక్కి, ఎటో చూస్తోంది. నాలుగో పాదం సగం అయ్యాక జయమ్మ తాడు వదిలేసి నేల మీద కూలబడింది.

"ఆగిందట అక్కా," అంది ఏడుస్తూ. "ఆగింది, షాక్ ఇచ్చిన్రట. మల్ల కొట్టుకుంటుందట."

ఆ సాయంత్రం నుంచి అమరేశ్వరరావుగారికి గొంతు లేదు. డాక్టర్లు మందులిచ్చారు గానీ, ఆయన ఆశ పెట్టుకోలేదు. మూసేసిన మండలికి గొంతెందుకు అని పలక మీద రాసి చూపించి నవ్వుతారట, జనార్దన్ చెప్పాడు. వెనక తలుపు దగ్గర అడిగిన మనిషి ఎవరో తెలియలేదు. సంచి చంకన పెట్టుకుని రెండోసారి అయ్యేదాకా నిలబడి, రైలుకు టైమైందని వెళ్లిపోయాడని వాచ్‌మన్ అన్నాడు.

మూడో రోజు ప్రసన్నకుమార్‌ను వార్డులోకి మార్చారు. మాట్లాడించొద్దన్నారు. జానకి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆయన ఎడమ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. ఆయన చాలాసేపు పైకప్పు చూసి, మెల్లగా మొహం ఇటు తిప్పాడు.

"మూడో పాదం దగ్గర తబలా ఎవరు వేశారు?"

"ఎవరూ వెయ్యలేదు."

"లేకుండానే పాడేశారా?"

"ఊఁ."

ఆయన అడగాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు పెదవులు తడుపుకున్నాడు.

"బాగుందా?"

"ఏం బాలేదు," అంది జానకి. "అస్సలు బాలేదండీ." అని ఆ చేతి మీద మొహం పెట్టుకుని, నర్సు వచ్చి కోప్పడేదాకా ఏడ్చింది.